మోటారు కాలిన ఇంట వేసిన లెక్క

గత వేసవిలో హచ్చొళ్ళిలో మా పిన్నమ్మగారి ఇంట కండెలు చుట్టే యంత్రపు మోటారు రెండు నెలలలో రెండుసార్లు కాలిపోయినది. అర గుర్రపు శక్తి మోటారు. మొదటిసారి వైండింగు చేయించుటకు ఆదోనికి తీసుకొనిపోయినారు, రెండవసారి సిరుగుప్పకు. మోటారు లేని రోజులలో పిన్నమ్మ, కోడలు మరల పాత రాట్నము దింపుకొని చేతితో కండెలు చుట్టినారు. రెండు మగ్గములకు పేక అందలేదు, ఒకటి నిలిచిపోయినది. నిలిచిన మగ్గము ఇంటికి ఎంత బరువో ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు.

కాలిన మోటారు విషయమున మూడు తీర్పులు వచ్చినవి. వైండింగు చేసినతడు, "మోటారుకు వోల్టేజి అందలేదు, అందుకే కాలినది" అన్నాడు. లైను చూసే అతడు, "స్తంభము దగ్గర వోల్టేజి బాగానే ఉన్నది, మీ మోటారే నాసి రకము" అన్నాడు. ఇరుగుపొరుగువారు, "మంచిరోజు చూడకుండ బిగించినారు" అన్నారు. మూడవ దానిని గూర్చి నేను మాట్లాడను. మొదటి రెండును కొలిచి తేల్చదగినవి. విచిత్రమేమనగా, కొలిచి చూసిన తరువాత ఒకరికొకరు ఎదురు చెప్పుకొన్న ఆ ఇద్దరి మాటలలోను నిజము ఉన్నట్లు తేలినది. ఎట్లు తేలినదో చెప్పుటకే ఈ వ్యాసము. ఇందులో కూడికలు, గుణకారములు, భాగహారములు తప్ప వేరు గణితము లేదు. పడుగుకు పోగులు లెక్కపెట్టగలవారు దీనిని సులభముగా వేసుకొనవచ్చును.

హచ్చొళ్ళి బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఇటు వచ్చినవి. సిరుగుప్ప మైసూరు వైపున చేరినది. నాటినుండి మా పిన్నమ్మగారి వంటి ఇండ్లలో మాట తెలుగు, కాగితము కన్నడము. అయితే వోల్టు, ఆంపియరు, ఓము, వాటు అనే నాలుగు మాటలు రెండు భాషలలోను ఒకటే గనుక ఈ లెక్కకు సరిహద్దు అడ్డురాదు.

ఆ నాలుగు మాటల అర్థము ముందుగా చూతము. తుంగభద్ర కాలువ ఎరిగినవారికి పోలిక సులభము. కాలువలో నీటి మట్టము ఎంత ఎత్తున ఉన్నదో అది వోల్టు వంటిది. అది నీటిని ముందుకు తోసే ఒత్తిడి. తూము గుండా ఎంత జోరుగా నీరు పోవుచున్నదో అది ఆంపియరు. తూము ఎంత ఇరుకో అది ఓము. దీనినే నిరోధము అందురు. ఆ పోయే నీరు ఎంత వేగముగా పని చేయగలదో అది వాటు. మట్టము పెరిగితే ప్రవాహము పెరుగును. తూము ఇరుకైతే ప్రవాహము తగ్గును. ఇంతే సంగతి.

లెక్క కూడ రెండు ముక్కలే. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు వచ్చును. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వచ్చును. వెయ్యి వాట్లు ఒక గంట సేపు నడిస్తే బిల్లులో ఒక యూనిట్టు.

భాగహారపు సూత్రమును మొదట రుజువు చేసినది గెయోర్గ్ ఓమ్ అనే జర్మను ఉపాధ్యాయుడు. 1789లో ఎర్లాంగెన్ పట్టణమున తాళములు చేసే పనివాని ఇంట పుట్టినాడు. చేతిపని ఇంట పెరిగినవాడు గనుక కొలతలకు కావలసిన పరికరములను తానే చేసుకొన్నాడు. కొలోన్ నగరపు పాఠశాలలో పాఠములు చెప్పుకొనుచు, వేరు వేరు పొడవుల తీగల గుండా కరెంటు పంపి, పొడవుతోపాటు ప్రవాహము ఎట్లు తగ్గుచున్నదో కొలిచినాడు. 1827లో పుస్తకముగా ప్రకటించినాడు. స్వదేశమున ఆదరణ దొరకలేదు సరికదా, కొలువు కూడ వదులుకొనవలసివచ్చినది. 1841లో లండను రాయల్ సొసైటీవారు కాప్లీ పతకము ఇచ్చిన పిమ్మట గాని ఆయన పేరు నిలబడలేదు. తీగ పొడవు పెరిగితే నిరోధము పెరుగునన్న ఆయన కొలతయే హచ్చొళ్ళిలో మనకు పనికివచ్చినది.

ముందు సులభమైన ఉదాహరణ. అద్దకపు నీరు కాచుకొనుటకు కొందరు నీటిలో ముంచే కరెంటు కడ్డీ వాడుదురు. దానిపై 230 వోల్టులు, 1500 వాట్లు అని ఉండును. 1500ను 230తో భాగిస్తే 6.5 ఆంపియర్లు. 230ని ఆ 6.5తో భాగిస్తే సుమారు 35 ఓములు. ఈ 35 ఓములు కడ్డీకి పుట్టుకతో వచ్చిన గుణము. వోల్టేజి ఎంత ఉన్నను అది దాదాపు మారదు.

ఇప్పుడు వోల్టేజి 180కి పడిపోయినదనుకొందము. 180ని 35తో భాగిస్తే 5.1 ఆంపియర్లు, 180తో గుణిస్తే 918 వాట్లు. వోల్టేజి అయిదవ వంతుకు పైగా తగ్గితే వేడి సుమారు నూటికి నలభై వంతులు తగ్గినది! వోల్టు తగ్గుటచేత ఆంపియరు కూడ తగ్గును. తగ్గినవి రెండింటిని గుణించినందున దెబ్బ రెండింతలు పడును. ఇరవై లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి 90 డిగ్రీలకు కాచుటకు నిండు వోల్టేజిలో 56 నిమిషములు పట్టే చోట 180 వోల్టులలో గంటన్నర పట్టును. అయినను బిల్లు పెరగదు. రెండు విధములను సుమారు 1.4 యూనిట్లే. కడ్డీ విషయమున తక్కువ వోల్టేజి మన కాలమును తినును గాని కడ్డీకి హాని లేదు.

మోటారు అట్లు కాదు. పొరపాటు పడేది ఇక్కడనే. మోటారుకు ఇరుసు మీద ఒక బరువు ఉన్నది. కదురులు తిరగవలెను, నూలు లాగవలెను. వోల్టేజి తగ్గినను ఆ బరువు తగ్గదు. చేయవలసిన పని అంతే ఉన్నప్పుడు, వోల్టులో తగ్గినదానిని మోటారు ఆంపియరులో పూడ్చుకొనును. అనగా కడ్డీకి వోల్టు తగ్గితే ఆంపియరు తగ్గును. నడుచుచున్న మోటారుకు వోల్టు తగ్గితే ఆంపియరు పెరుగును. పెరిగిన ఆంపియరు లోపలి చుట్లను వేడెక్కించును, పూత మాడును, చుట్టూ చుట్టూ కలిసిపోవును. మోటారు కాలినదందుము.

ఇంకొక చిక్కు కలదు. పని చేయని మోటారు చుట్లకు మల్టీమీటరు పెట్టి చూస్తే మూడో నాలుగో ఓములే చూపవచ్చును. 230ని నాలుగుతో భాగిస్తే 57 ఆంపియర్లు రావలెను గదా? కాని ఈపాటి మోటారు నడుచునప్పుడు తీసుకొనేది నాలుగు ఆంపియర్ల ప్రాంతము. ఓమ్ తప్పు చెప్పినాడా? లేదు. ఇనుము మీద చుట్టిన తీగ, వెనుకకు ముందుకు మారే కరెంటుకు మామూలు నిరోధముతోపాటు మరొక అడ్డు కూడ పెట్టును. 230ని 4తో భాగిస్తే వచ్చే 57.5 ఓములు ఆ రెండును కలిసినది; దానికి అవరోధమని పేరు. కనుక నడిచే మోటారు దగ్గర వోల్టును ఆంపియరుతో భాగించి ఇదే చుట్ల నిరోధమని అనుకొనరాదు. గుణించి ఇవే వాట్లని కూడ అనుకొనరాదు. 230, 4 గుణిస్తే 920 వచ్చును గాని మీటరు అంత లెక్క కట్టదు. ఆ సంగతి తరువాత చెప్పెదను. పాత గాజు బల్బుతో కూడ ఇట్టి తమాషాయే కలదు. 60 వాట్ల బల్బు వెలుగునప్పుడు లెక్క ప్రకారము 880 ఓములు. ఆర్పి చల్లారిన తరువాత కొలిస్తే అందులో పదవ వంతు దరిదాపున చూపును. లోపలి తీగ వేడెక్కిన కొలది నిరోధము పెరుగుటయే కారణము.

ఇక హచ్చొళ్ళికి వత్తము. లైసెన్సు గల ఎలక్ట్రీషియను ఒకరు నా స్నేహితులు. ఆయనను వెంటబెట్టుకొని పోయినాను. పిన్నమ్మ వాకిటిలోనే, "ఏమప్పా, ఈసారి నువ్వైనా చెప్తావా, యాడ తప్పుందో?" అన్నది. "చెప్పేది నేను కాదు పిన్నమ్మా, మీటరు చెప్తుంది" అన్నాను. స్నేహితుడు మోటారు జోలికే పోలేదు. "మోటారుతో కొలిస్తే లెక్క వంకరగా వచ్చును. తిన్నగా ఉండే సరుకు కావలెను" అని ఇంటిలోని నీటి కడ్డీని బకెట్టు నీటిలో ముంచి మోటారు తగిలించే చోటనే తగిలించినాడు. అది 35 ఓముల మనిషి, అబద్ధమాడదు.

కడ్డీ పని చేయుచుండగా మూడు కొలతలు తీసినాడు. వీధి గోడ మీది కరెంటు మీటరు దగ్గర 222 వోల్టులు. పెరటి పాకలో, కడ్డీ దగ్గర 204 వోల్టులు. తీగలో ప్రవాహము 5.8 ఆంపియర్లు. మొదట కొలతలు సరియైనవో కాదో చూచుకొన్నాము: 204ను 5.8తో భాగిస్తే 35.2 ఓములు. కడ్డీ తన మాట నిలబెట్టుకొన్నది.

మీటరు దగ్గర 222, పాకలో 204. నడుమ 18 వోల్టులు ఎక్కడ పోయినవి? ఇంటి తీగలోనే. 18ని 5.8తో భాగిస్తే 3.1 ఓములు. 18ని 5.8తో గుణిస్తే 104 వాట్లు. అనగా కడ్డీ నడిచినంతసేపు నూరు వాట్ల పైచిలుకు గోడలోను వాసముల మీదను ఊరకే వేడిగా పోవుచున్నది.

ఆ 3.1 ఓములు తీగకు తగినవేనా? పాక మీటరుకు 35 మీటర్ల దూరము. నాడె పోయి వచ్చినట్లు కరెంటుకు పోయే తీగ ఒకటి, వచ్చే తీగ ఒకటి. కనుక 70 మీటర్లు. వేసినది ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ. అట్టి తీగకు నూరు మీటర్లకు 1.81 ఓములు. 70 మీటర్లకు 1.27. మిగిలిన 1.8 ఓములు ఎక్కడివి?

తీగ వెంట నడిచినాము. వంటింటి వాసము మీద ఒక అతుకు, పాక చూరు క్రింద మరొక అతుకు. మొదటి తీగ చాలకపోగా మరొక ముక్కను మెలిపెట్టి, టేపు చుట్టినారు. చూరు క్రింది అతుకు టేపు గోధుమరంగుకు తిరిగి పెళుసుబారినది. కరెంటు తీసివేసి విప్పితే రాగి నల్లబడి ఉన్నది. కాలిన మోటారుకు కారణములలో సగము ఆ టేపు లోపల ఉన్నది.

ఈ అతుకులను గూర్చి కొంచెము ఎక్కువ చెప్పవలసియున్నది. మోటారు కాలితే వైండింగు ఖర్చుతో పోవును. అతుకు కాలితే ఇల్లు పోవచ్చును. తీగలో పుట్టే వేడి ఎంతో 1841లో ప్రకటించినవాడు జేమ్స్ జౌల్. ఆయన మాంచెస్టరు ప్రక్కనే ఉన్న సాల్ఫర్డులో బీరు బట్టీదారుని కొడుకు. మన చేనేతను దెబ్బ తీసిన మిల్లు గుడ్డ ఏ ఊరి పేరుతో వచ్చినదో ఆ ఊరివాడే మన నేత పాకను కాపాడే లెక్కను కూడ ఇచ్చినాడు! ఆయన లెక్క ఇది: ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించి, దానిని మరల ఓములతో గుణిస్తే వేడి వాట్లలో వచ్చును. 5.8ని 5.8తో గుణిస్తే సుమారు 33.6, దానిని 1.8తో గుణిస్తే 60 వాట్లు. రెండు అతుకులలో కలిపి అరవై వాట్లు! రేడియోలు బాగుచేసేవారు సీసము కరిగించుటకు వాడే చిన్న కాపుకు 25 వాట్లు చాలును. అట్టి కాపును నూలు దుమ్ము పేరుకొన్న చూరు క్రింద రోజంతయు వ్రేలాడదీసినట్లే గదా. అంతేకాదు, ఆంపియరు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. మోటారు తగిలించిన తీగకే కడ్డీని కూడ తగిలించేవారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

మరి మోటారు ఎట్లు కాలినది? నడుచునప్పుడు నాలుగు ఆంపియర్లు తీసుకొనే మోటారు మొదలు తిరుగునప్పుడు అంతకు నాలుగైదు రెట్లు లాగును. 16 ఆంపియర్లు అనుకొని 3.1తో గుణిస్తే 49.6. మోటారు కరెంటు వంకర వలన సరిగా అంత కాకున్నను, నలభై యాభై వోల్టులు దారిలోనే పోవును. మోటారుకు దక్కేది 175 ప్రాంతము. తిప్పే బలము వోల్టును వోల్టుతో గుణించిన లెక్కన తగ్గును. 222కు ఉన్న బలములో 175కు నూటికి 62 వంతులే ఉండును. కోడలు చెప్పిన గుర్తు దీనికి సరిపోయినది: "మీట వేస్తే గుర్రుమని ఊరకే ఉంటాది, చేత్తో చక్రం తోస్తే తిరుగుతాది" అన్నది. ఆ గుర్రుమన్న ప్రతి క్షణము లోపలి చుట్లు కాలుచున్న క్షణమే. చేతితో తోయుట మరింత ప్రమాదము. కొంగు చిక్కుకొన్నదంటే చెప్పనలవి కాదు.

తీగ మార్చునప్పుడు అంకెలను గూర్చి ఒక హెచ్చరిక. నూలు నంబరు పెరిగిన కొలది నూలు సన్నబడునని మనకు తెలియును. ఒక పౌనుకు 840 గజముల చిలపలు ఎన్ని తూగునో అదే నంబరు. తీగల గేజి కూడ ఆ తీరే. 22 గేజి 20 గేజి కంటె సన్నము. పాత ఎలక్ట్రీషియన్లు చెప్పే "మూడు ఇరవైరెండు" అనగా 22 గేజి పోగులు మూడు పేనినది, "ఏడు ఇరవై" అనగా 20 గేజి పోగులు ఏడు పేనినది. కాని నేడు అంగళ్ళలో తీగను చదరపు మిల్లీమీటర్లలో అమ్ముదురు. అక్కడ అంకె పెరిగితే తీగ లావగును. నూలు అలవాటుతో చిన్న అంకె లావనుకొని సన్నతీగ తెచ్చుకొన్నవారిని నేనెరుగుదును. అల్యూమినియము తీగ చవక; అయితే అదే లావున దాని నిరోధము రాగికి ఒకటిన్నర రెట్లు మించును. రాగిని అల్యూమినియమును కలిపి మెలిపెట్టిన అతుకు అన్నింటికంటె చెడ్డది.

పిన్నమ్మగారింట రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను మీటరు నుండి పాక దాక నడుమ అతుకు లేకుండ లాగినాము. నూరు మీటర్లకు 0.74 ఓములు, 70 మీటర్లకు 0.52. మరల కడ్డీని తగిలించితే పాకలో 219 వోల్టులు, ప్రవాహము 6.2 ఆంపియర్లు. దారిలో పోయేది 104 వాట్ల నుండి 20కి దిగినది. పాత తీగ ఒక చదరపు మిల్లీమీటరుదైనను ఈ కరెంటుకు కాలిపోయేది కాదు. "తీగ తట్టుకొంటుంది" అని వేసినవారు చెప్పినది అబద్ధము కాదు. తట్టుకొనుట వేరు, వోల్టు అందించుట వేరు.

మోటారు నిజముగా ఎన్ని వాట్లు తినుచున్నదో అప్పుడు చూసినాము. దీనికి ఏ పరికరమును అక్కరలేదు. ఇప్పటి మీటరు మీద ఎర్ర దీపము మినుకుమినుకుమనుచుండును. ప్రక్కన ఒక యూనిట్టుకు ఎన్ని మినుకులో అచ్చు వేసి ఉండును. వీరి మీటరుకు 3200. ఇంటిలో తక్కినవన్నియు ఆర్పి, మోటారు ఒక్కటే నడిపి, పిన్నమ్మ మనుమడు గడియారము చూచి లెక్కపెట్టినాడు: నిమిషమునకు 32 మినుకులు. గంటకు 1920. దానిని 3200తో భాగిస్తే 0.6 యూనిట్టు, అనగా 600 వాట్లు. వోల్టు ఆంపియరు గుణిస్తే 900 పైబడి వచ్చినది. మీటరు చెప్పినది 600. ఈ రెండింటి నిష్పత్తికే పవరు ఫ్యాక్టరు అని పేరు. ఇక్కడ సుమారు 0.65. మోటారు 900 తినుచున్నదని చెప్పి బిల్లు మీద తగవుపడేవారును, గుర్రపు శక్తికి 746 వాట్లు గనుక అర గుర్రము 373 మాత్రమే తినవలెననేవారును ఇద్దరును పొరబడుచున్నారు. 373 ఇరుసు మీద దక్కేది. మిగిలినది మోటారు లోపలి ఖర్చు.

కొలతలు తీయునప్పుడు జాగ్రత్తలు కొన్ని. కరెంటు ఉన్నచోట కొలత తెలిసినవాని చేతనే తీయించవలెను. ఆంపియరు చూచుటకు కౌగిలి వలె పట్టే క్లాంపు మీటరును ఒక తీగ చుట్టునే పట్టవలెను. రెండు తీగలను కలిపి పడితే సున్న చూపును. మామూలు మల్టీమీటరును ఆంపియరు గుర్తు మీద ఉంచి సాకెట్టులో దూర్చితే నేరుగా షార్టు అగును. మీటరు పగిలి కన్ను పోయే ప్రమాదము కలదు. ఓములు చూచుట కరెంటు తీసివేసిన తరువాతనే.

ఇక లైను అతని మాట. స్తంభము దగ్గర వోల్టేజి బాగున్నదని అతడన్నది మధ్యాహ్నము మాట. 1956 నాటి విద్యుత్తు నిబంధనలు ఇండ్లకు ఇచ్చే వోల్టేజి చెప్పినదానికి నూటికి 6 కంటె ఎక్కువ అటూ ఇటూ పోరాదన్నవి. 230కి అది 216 నుండి 244 దాక. మేము కొలిచిన 222 ఆ హద్దులోనిదే. కాని ఆ సాయంత్రము పొలములలో పంపులు ఆడుచున్న వేళ మరల చూస్తే మీటరు దగ్గరనే 205 ఉన్నది. ఇది ఇంటి తీగ మార్చినందున తీరేది కాదు. పాత తీగ ఉండగా ఈ 205లో నుండే మరి నలభై పోయి ఉండును. మోటారు రెండుసార్లును సాయంత్రమే కాలినదని అప్పుడు పిన్నమ్మకు జ్ఞాపకము వచ్చినది.

పది రోజులు, రోజుకు మూడు వేళల, మీటరు దగ్గరి వోల్టులను తేదీ గంటలతో మనుమడు నోటుబుక్కులో వ్రాసినాడు. "వోల్టేజి లేదు" అని నోటితో చెప్పిన ఫిర్యాదుకు, 205 అని వేళతో సహా వ్రాసి ఇచ్చిన ఫిర్యాదుకు వచ్చే జవాబులో తేడా ఉండును. వానికి బడిలో కన్నడము వచ్చును గనుక అర్జీ కూడ వాడే వ్రాసినాడు. అది ఇచ్చి వచ్చినారు. అంతవరకు పిన్నమ్మ ఒక ఏర్పాటు చేసుకొన్నది: కండెలన్నియు పొద్దున పదకొండు లోపల చుట్టి పెట్టి, సాయంత్రము పంపులు మొదలైనప్పుడు మోటారు మీట తీసివేయుచున్నది. రెండు మగ్గములును ఆడుచున్నవి.